గుంటూరుకొక బోర్డు, విశాఖకొక బోర్డు: రెండు ఊళ్ళ పెద్దలకు బహిరంగ లేఖ

గుంటూరు, విశాఖపట్నం నగర పెద్దలకు,

నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పాఠాలు చెప్పిన నోరు కాబట్టి ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. అడిగేది మాత్రం చిన్నదే. రెండు బోర్డులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ రెండు ఊళ్ళకీ ఏం జరిగిందో చెప్పేవి. ఒకటి విశాఖ బీచ్‌లో, ఒకటి గుంటూరు రైల్వే స్టేషన్ ఎదురుగా రోడ్డు పక్కన. దీనికి కమిటీలు, శంకుస్థాపనలు అక్కర్లేదు. ఒక రేకు, రెండు ఇనప గొట్టాలు, చెయ్యి తిరిగిన పెయింటరు ఒకడు ఉంటే ఒక్క పూట పని.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే విశాఖలోని మా అమ్మమ్మగారింటి వెంటిలేటర్ అద్దం దగ్గర మొదలుపెట్టాలి.

మా చిన్నతనంలో స్కూలుకి సెలవులిచ్చిన మర్నాడే మమ్మల్ని రైలెక్కించేసేవారు. గుంటూరు ఎండ గురించి గుంటూరు వాళ్ళకి నేను చెప్పేదేముంది. మధ్యాహ్నం పదకొండైతే వీధిలో కుక్క కూడా కనపడదు. పైగా గాలి అటు తిరిగిందంటే మిర్చి ఘాటుకి ఇల్లంతా తుమ్ములు. ఆ పూట బెజవాడలో బండి మారి, రాత్రంతా కూర్చుని, నిద్రపోతూ గోదావరి దాటి, తెల్లారేసరికి తుని కొండలు చూసేవాళ్ళం. కిటికీ పక్కన కూర్చోవడానికి మా అన్నయ్యకీ నాకూ జరిగిన యుద్ధాలు వేరే ఉత్తరానికి సరిపోతాయి. వాల్తేరు స్టేషన్లో, అంటే విశాఖ స్టేషన్లోనే, మామయ్య నిలబడి ఉండేవాడు. రిక్షా ఎక్కాక ఒక మలుపు దగ్గర హఠాత్తుగా గాలి మారేది. ఉప్పగా, చల్లగా, కొంచెం చేపల వాసనతో. ఇక అక్కణ్ణించి రెండు నెలలు గుంటూరు గుర్తుండేది కాదు.

ఇల్లు చినవాల్తేరులో. సముద్రానికి నడిస్తే ఐదు నిమిషాలు, మేం పరిగెత్తేవాళ్ళం కాబట్టి రెండు. పెద్ద పెంకుటిల్లు, ముందు వసారా, వెనక పనసచెట్టు. తలుపులన్నీ బర్మా టేకు. మా తాతయ్య తండ్రి రంగం వెళ్ళి సంపాదించుకొచ్చిన డబ్బుతో కట్టిన ఇల్లది. రంగం అంటే నాటకరంగం కాదండోయ్, రంగూన్. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ఏ పాత ఇంటి తలుపు తట్టినా రంగం వెళ్ళొచ్చిన ముసలాయన కథ ఒకటుంటుంది. మా గుంటూరు వైపు వాళ్ళకి ఈ మాట తెలీదు. భాష దగ్గరా అంతే. అక్కడ మేం "ఏంది?" అంటే వీధి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. వేసవంతా అక్కడుండి "ఏటి?" అలవాటు చేసుకుని జూన్‌లో తిరిగొస్తే ఇక్కడ మా క్లాసు పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు ఇప్పటికీ కోపమొస్తే ఏ "ఏ"తో మొదలుపెట్టాలో తెలీదు.

ఆ ఇంట్లో తూర్పు గదిని అందరూ నల్లగది అనేవారు. గోడలు సున్నం కొట్టి తెల్లగానే ఉండేవి. పైనున్న రెండు వెంటిలేటర్ అద్దాలకి నల్లరంగు పూసి ఉండేది, అందుకా పేరు. నూనె రంగు, మందంగా, కుంచె గీతలు గట్టిపడిపోయి వేలు పెడితే గరుగ్గా తగిలేవి. కుడివైపు అద్దానికి కింద మూలగా పెసరగింజంత చిల్లు. అద్దానికి కాదు, రంగుకి. మా అమ్మ చిన్నప్పుడు తలపిన్నుతో గీకింది. పొద్దున్నే ఆ చిల్లులోంచి ఒక సన్నటి వెలుగు తీగ ఎదురు గోడ మీద పడి, ఎనిమిదింటికల్లా బియ్యం డబ్బా మీదికి దిగేది. కుర్చీ వేసుకుని ఎక్కి కన్ను పెట్టి చూస్తే సముద్రం. కాస్తంతే. తెప్ప ఒకటి ఆ చుక్కలోకి ఎడమ నుంచి వచ్చి కుడికి దాటే వరకూ ఊపిరి బిగబట్టి చూడటం మా ఆట.

"గీకకండే, మళ్ళీ కావాల్సొస్తది" అనేది అమ్మమ్మ.

అదే గదిలో గోడకి వరసగా ఇనప కొక్కేలు, పదో పన్నెండో. ఒక్కో కొక్కెం పైన తెల్లరంగుతో ఇంగ్లీషు అంకె. సున్నం ఎన్నిసార్లు కొట్టినా ఆ అంకెల మీద కొట్టనిచ్చేది కాదు అమ్మమ్మ. సెలవులకి వచ్చిన మనవలందరికీ ఒక్కో నంబరు. సంచీ దానికే తగిలించాలి, తువ్వాలు దానికే ఆరెయ్యాలి. నాది ఏడు. మా పెద్దమ్మ కొడుక్కి ఒకటో నంబరు, అందుకని వాడికి పొగరు. ఆ అంకెలు ఎవరు రాశారని నాకు పదేళ్ళొచ్చేదాకా అడగాలనే తోచలేదు. అన్ని ఇళ్ళల్లోనూ ఉంటాయనుకున్నాను.

పెరట్లో పనసచెట్టు అవతల మెలికలు మెలికలుగా ఒక గొయ్యి ఉండేది. సగం పూడిపోయింది, మిగతా సగం చెత్త, పేడ వేసే దిబ్బ అయింది. దాని మీద గుమ్మడిపాదు ఏటా విరగకాసేది. దొంగాటలో దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. "గొయ్యి తిన్నగా తవ్వుకోక ఇలా వంకర్లెందుకు పోయారు తాతయ్యా?" అని అడిగితే ఆయన పుల్ల తీసుకుని మట్టిలో గీసి చూపించాడు. తిన్నగా తవ్వితే బాంబు ఒక చివర పడినా ఆ పేలుడు రెండో చివర దాకా దూసుకుపోతుందట. మెలిక ఉంటే అక్కడ ఆగుతుందట. గుమ్మడిపాదు కింద ఇంత లెక్క ఉందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకు నెల ముందు, మార్చి 8న, రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. మార్చి ఆఖర్లో అండమాన్‌లో దిగారు. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి. అదే రోజుల్లో ఒజావా అనే జపాన్ అడ్మిరల్ తన నౌకలతో బంగాళాఖాతంలోకి చొరబడి, కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వర్తక నౌకల్ని ముంచేశాడు. ఆయన వెంట ఉన్న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే ఆ సోమవారం విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన ప్రధాన భూభాగం మీద జపాన్ వేసిన మొదటి బాంబులవి. విశాఖ ఎందుకంటే హార్బరు ఉంది కాబట్టి. 1933లో తెరిచిన కొత్త రేవు. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి షిప్‌యార్డుకి శంకుస్థాపన చేసి వెళ్ళి అప్పటికి ఏడాది కూడా కాలేదు. హార్బరు వైపు కొందరు చనిపోయారు. ఊరు ఊరంతా లేచి పరుగు పెట్టింది.

పుస్తకంలో అయితే ఇది ఒక పేరా. మా అమ్మమ్మ చెప్తే ఒక రాత్రి పట్టేది. అప్పటికి ఆవిడకి ఇరవయ్యేళ్ళు, చంకలో మా పెద్దమ్మ. మొదట మన విమానాలే అనుకుని జనం వీధుల్లోకొచ్చి తలెత్తి చూశారట. పక్కింటావిడ పిల్లాణ్ణి భుజాల మీదికెక్కించుకుని మరీ చూపించిందట. తర్వాత యారాడ కొండ వైపు పొగ లేచింది. ఆ సాయంత్రానికి ఎడ్లబళ్ళు, జట్కాలు, నెత్తి మీద మూటలు, విజయనగరం రోడ్డు మీద ఇసకేస్తే రాలనంత జనం. అమ్మమ్మ బంగారం తీసుకుంది, పిల్లని తీసుకుంది, తలుపుకి తాళమేసింది. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, పొయ్యి మీద పప్పు గిన్నె దించలేదని.

ఆ గిన్నె గురించి ఆవిడ బతికున్నంతకాలం బాధపడింది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గిన్నెట. "మాడిపోయుంటది" అనేది. జపాన్‌ని ఎప్పుడూ ఏమీ అనలేదు గానీ గిన్నె మాట వస్తే మాత్రం ముక్కు చీదేది.

ఇక గుంటూరు ఈ కథలోకి ఎలా వచ్చిందో చెప్తాను. గుంటూరు పెద్దలు దయచేసి ఇక్కణ్ణించి శ్రద్ధగా చదవండి.

మా తాతయ్య ఆంధ్రా యూనివర్సిటీ లాబరేటరీలో అటెండరు. ఆ యూనివర్సిటీ 1926లో పుట్టింది బెజవాడలో. 1930లో వాల్తేరు కొండ మీదికి వెళ్ళింది. 1942లో బాంబులు పడ్డాక మళ్ళీ మూటాముల్లె సర్దుకుని దక్షిణానికి వచ్చింది, ఈసారి గుంటూరుకి. కట్టమంచి రామలింగారెడ్డిగారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజులవి. అక్కడి క్యాంపస్‌ని మిలిటరీ వాడుకుంది. యుద్ధమయ్యేదాకా తెలుగువాళ్ళ యూనివర్సిటీకి చోటిచ్చింది మన గుంటూరు. ఈ ఊళ్ళో అరవై దాటినవాళ్ళలో కూడా ఈ మాట తెలిసినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

తాతయ్య పని గాజు సామాను సర్దడం. ఫ్లాస్కులు, బీకర్లు, సన్నటి గొట్టాలు. చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిచి, ఒక్కోదాన్నీ పాత న్యూస్ పేపర్లో చుట్టి, మెడ దగ్గర ఇంకో చుట్టు అదనంగా చుట్టి, మళ్ళీ గడ్డి. బండి ఎక్కించి, కుదుపు కుదుపుకీ చెవి పెట్టి వింటూ గుంటూరు స్టేషన్లో దించాడట. పగిలినవాటి జాబితా ఎర్ర సిరాతో రాసిన నోటుబుక్కు మా మామయ్య దగ్గర చాలాకాలం ఉండేది. ఆ పెట్టెలు మోసిన గుంటూరు హమాలీలు "ఏందయ్యా, ఖాళీ సీసాలకి ఇంత హడావుడా?" అన్నారని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. ఆ మాట గుంటూరు యాసలోనే అనేవాడు, తంటాలు పడి.

అరండల్‌పేటలో రెండు గదుల వాటాలోకి దిగారు. అమ్మమ్మకి ఈ ఊరు నచ్చలేదు. ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "నీళ్ళు ఉప్పన, కూర మంట, ఎండ నిప్పు, మనుషులు మాత్రం మంచోళ్ళు." ఆ మంచోళ్ళలో ఇంటివాళ్ళు ఒకరు. గోంగూర నూరడం నేర్పింది ఇంటివాళ్ళావిడే, పురిటికి వేణ్ణీళ్ళు కాచింది ఆవిడే. 1944లో మా అమ్మ ఆ వాటాలోనే పుట్టింది. ఇంటివాళ్ళ అబ్బాయి, అప్పటికి ఏడెనిమిదేళ్ళవాడు, వచ్చి ఉయ్యాల ఊపేవాడట. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ అబ్బాయికే అమ్మనిచ్చి పెళ్ళి చేశారు. ఆయనే మా నాన్న. అంటే, జపాన్‌వాళ్ళు ఆ సోమవారం ఇంకో ఊరు చూసుకుని ఉంటే ఈ ఉత్తరం మీకు వచ్చేది కాదు.

యుద్ధం అయ్యాక యూనివర్సిటీ వాల్తేరు తిరిగి వెళ్ళింది, తాతయ్య గాజు పెట్టెలతో సహా. ఇల్లు తెరిచి చూస్తే గోడకి కొక్కేలు, కొక్కేలకి నంబర్లు, అద్దాలకి నల్లరంగు. ఖాళీగా ఉన్న ఇంట్లో సోల్జర్లు దిగారు. సంచులు తగిలించుకోవడానికి ఆ నంబర్లు. సముద్రం మీంచి చూసేవాడికి ఊళ్ళో దీపం కనపడకూడదు కాబట్టి ఆ రంగు. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే ఆ వెలుగుకి అడ్డంగా పోయే ఓడ నల్లటి బొమ్మలా శత్రువుకి దొరికిపోతుంది. పప్పు గిన్నె కనపడలేదు.

తాతయ్య రంగు గీకేద్దామన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఇరవై ఐదేళ్ళు పోయాక ఆవిడ మాటే నెగ్గింది. 1971 డిసెంబరులో మళ్ళీ సైరన్లు. వీధిలో అందరూ బ్రౌన్ పేపర్లు కొనుక్కొచ్చి మైదా జిగురుతో అద్దాలకి అంటిస్తుంటే అమ్మమ్మ వసారాలో కాళ్ళు చాపుక్కూర్చుందట. మూడో తారీకు రాత్రి తలుపు దబదబ బాదారు. "అమ్మా, మీ ఇంట్లోంచి లైటు!" మా అమ్మ గీకిన చిల్లు. పెసరగింజంతే. అమ్మమ్మ గోధుమపిండి ముద్ద ఒకటి తడిపి దాని మీద మెత్తిందట. అర్ధరాత్రి దాటాక ఇల్లంతా అదిరింది, పెంకులు రెండు జారాయి.

అది ఘాజీ. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్. విక్రాంత్ ఆ సమయానికి అండమాన్ వైపు ఉంది. రాజ్‌పుత్ అనే మన నౌక వేసిన డెప్త్ ఛార్జీలకి, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులకి, ఘాజీ మునిగిందని మనవాళ్ళు, కాదు దాని ప్రమాదంలో అదే పేలిందని వాళ్ళు, ఇప్పటికీ తేలని తగువు. లోపల తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. తేలుతూ వచ్చిన సామాను ముందు చూసింది మన జాలర్లే.

మరుసటి వేసవిలో నేను ఆరేళ్ళదాన్ని. కుర్చీ ఎక్కి చిల్లులో కన్ను పెడితే సముద్రం లేదు. పిండి ముద్ద రాయిలా గట్టిపడి, చీమలు ఒక పక్కంతా తొలిచేసి ఉన్నాయి. గోరుతో పెకలించాను. చెయ్యంతా పొడి రాలింది. అది యుద్ధమని నాకేం తెలుసు.

ఇప్పుడు బీచ్ దగ్గరికి వస్తాను. విశాఖ పెద్దలు ఇక్కడ వినండి. ఒడ్డున సిమెంటు కాంక్రీటుతో కట్టిన పొట్టి గదులుండేవి. వాటిని పిల్ బాక్సులంటారని పెద్దయ్యాక చదువుకున్నాను. మాకది సోల్జర్ల గది. జపాన్‌వాళ్ళు పడవల్లో వచ్చి ఒడ్డున దిగితే లోపలి నుంచి మరతుపాకులతో కాల్చడానికి కట్టినవి. ఆర్కే బీచ్ వైపు ఒకటి, పెదజాలారిపేట వైపు ఒకటి నేను ఎరుగుదును. గోడ మందం నా మోచెయ్యంత. మధ్యలో అడ్డంగా సన్నటి కంత. లోపలికి దూరితే చీకటి, తడి ఇసక, ఒక మూల ఎవరో దాచుకున్న వల. ఆ కంతలోంచి చూస్తే సముద్రం పొడుగ్గా ఒక పట్టీలా కనపడేది. ఇంట్లో చుక్క, ఇక్కడ పట్టీ. మా అన్నయ్య చేతి కర్రని కంతలో పెట్టి "ఢాం ఢాం" అంటే నేను బయట ఇసకలో పడి చచ్చిపోవాలి. ఎప్పుడూ నేనే జపాన్.

ఆ గదుల్లోంచి ఒక్క గుండు కూడా పేలాల్సిన అవసరం రాలేదు. అందుకేనేమో వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

1971 యుద్ధాన్ని విశాఖ బాగా గుర్తుపెట్టుకుంది. బీచ్ రోడ్డు మీద 1996లో కట్టిన విజయ స్తూపం ఉంది, 2002 నుంచి కురుసుర సబ్‌మెరైన్ ఉంది, తర్వాత యుద్ధవిమానం కూడా వచ్చింది. సంతోషం. కురుసుర తెరిచిన ఏడాది మా అమ్మమ్మని తీసుకెళ్ళాం, ఎనభై ఏళ్ళు ఆవిడకి. టార్పెడోలు చూపించి మామయ్య ఏదో వివరిస్తున్నాడు. ఆవిడ వంటగది దగ్గర ఆగిపోయింది. చెయ్యి చాపితే రెండు గోడలూ తగిలే గది. "ఇంతమందికి ఇందులో అన్నం ఎలా వార్చేవోర్రా?" అంది. వెనక క్యూ ఆగిపోయినా కదల్లేదు. ఘాజీ కూడా ఇలాంటిదే కదా అని అడిగింది. అవునన్నాక మాట్లాడలేదు.

1942కి మాత్రం అంత హడావుడి లేదు. విశాఖ మ్యూజియంలో అప్పటి జపాన్ బాంబు ఒకటి పెట్టారు, చూడనివాళ్ళు వెళ్ళి చూడండి. కానీ ఒడ్డున ఇసకలో నడిచే పిల్లాడికి మ్యూజియం మెట్లెక్కితే గానీ తెలియదు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఒక కొత్త జంట ఆ కాంక్రీటు గదికి ఆనుకుని ఫొటోలు దిగుతోంది. ఇదేంటో తెలుసా అమ్మా అన్నాను. "ఏదో పాత వాటర్ ట్యాంకు అనుకుంటా ఆంటీ" అంది ఆ అమ్మాయి, మర్యాదగానే. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, నాకే సిగ్గేసింది. క్లాసులో జపాన్ బాంబులెక్కడ వేసిందంటే పెర్ల్ హార్బర్ అని ఠక్కున చెప్పేవాళ్ళు నా పిల్లలు. విశాఖ అని నేను చెప్తే "టీచర్, జోకా?" అనేవాళ్ళు.

గుంటూరులో అయితే జోకు అని కూడా అనరు. ఆ మధ్య ఇదే పని మీద ఒక ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో ఎందుకులెండి. అక్కడి ఉద్యోగి నా కాగితం రెండుసార్లు చదివి, "అమ్మా, మీరు నాగార్జున యూనివర్సిటీ గురించి అడుగుతున్నారు" అని నన్ను సరిదిద్దాడు. నాగార్జున 1976లో వచ్చింది నాయనా, దానికి ముందు 1967లో ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు పెట్టింది, దానికీ పాతికేళ్ళ ముందు యూనివర్సిటీయే ఇక్కడికి నడిచొచ్చింది అని చెప్పబోయాను. భోజనాల బెల్లు మోగింది. ఆ అబ్బాయిని తప్పుపట్టను. అతనికి చెప్పినవాళ్ళు లేరు.

ఇందులో మన జిల్లాల వాటా ఇంకా ఉంది. గన్నవరంలో మనం విమానమెక్కే చోటు ఆ యుద్ధంలో సైన్యం వాడుకున్నదే. ఎక్కడో బర్మాలో జరిగిందనుకున్నది మన చెరుకుతోటల పక్కకి వచ్చి ఆగింది. అయితే అన్నిటికీ బోర్డులడిగితే మీరు నా ఉత్తరం మడిచి పక్కన పెడతారు. అందుకే రెండే.

ఒక షరతు. పిల్ బాక్సుకి రంగులెయ్యకండి, లైట్లు చుట్టకండి, పక్కన ప్రేమ గుర్తు పెట్టి సెల్ఫీ పాయింటు చెయ్యకండి. అలలు ఒక ఏడాది దాన్ని సగం పూడుస్తాయి, ఇంకో ఏడాది పునాది దాకా తవ్వేస్తాయి. పడిపోకుండా ఏం చెయ్యాలో ఇంజనీర్లని అడగండి. అంతకు మించి ముట్టుకోవద్దు. రెండో షరతు, బోర్డు తెలుగులో ఉండాలి, పైన. ఇంగ్లీషు కింద పెట్టుకోండి. నాయకుల ఫొటోలు వద్దు, ఏ పార్టీ వాళ్ళవీ.

రాసేది కూడా నేనే రాసిచ్చేస్తాను, మళ్ళీ మీకు శ్రమెందుకు.

విశాఖ బోర్డు: "1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఇళ్ళకి తాళాలేసుకుని వెళ్ళిపోయింది. శత్రువు ఒడ్డున దిగితే కాల్చడానికి ఆ యుద్ధకాలంలో కట్టిన గది ఇది. శత్రువు దిగలేదు."

గుంటూరు బోర్డు: "1942లో విశాఖ మీద బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) వాల్తేరు నుంచి తరలి ఈ ఊరికి వచ్చింది. యుద్ధం ముగిసేదాకా ఈ ఊరు దానికి చోటిచ్చింది."

గుంటూరులో స్టేషన్ ఎదురుగానే ఎందుకంటే, పెట్టెలు దిగింది అక్కడ. పిల్లల చేతులు పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, ఇటా అటా అని నిలబడింది అక్కడ.

ఇంకొక్క మాట, ఇది డబ్బుతో పని లేనిది. ఆ రోజులు చూసినవాళ్ళు రెండు ఊళ్ళలోనూ ఇంకా కొందరున్నారు. ఎనభై ఐదు, తొంభై దాటినవాళ్ళు. కాలేజీ పిల్లల చేతికి ఫోనిచ్చి వాళ్ళ దగ్గరికి పంపండి, రికార్డు చెయ్యమనండి. తేదీలు అడగొద్దని చెప్పండి, తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి. తాళం వేసేటప్పుడు ఇంట్లో ఏం వదిలేశారు, తిరిగొచ్చాక ఏం దొరకలేదు, అవి అడగమనండి. మా అమ్మమ్మని 2005లో సాగనంపాం. ఆవిడ చెప్పింది నేను ఒక్క ముక్కా రికార్డు చెయ్యలేదు. ఇప్పుడు మీకు రాసిందంతా నా బుర్రలో మిగిలిందే.

ఇల్లు 1994లో అమ్మేశారు. ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు. ఇల్లు పడగొట్టే ముందు మామయ్య ఫోన్ చేసి ఏమన్నా కావాలా అనడిగాడు. మా అన్నయ్య టేకు తలుపులడిగాడు, అవి అప్పటికే అమ్ముడైపోయాయి. నేను వెంటిలేటర్ అద్దం అడిగాను. దాన్ని తాతయ్య పద్ధతిలోనే గడ్డిలో పెట్టి, పాత న్యూస్ పేపర్లో చుట్టి, అమ్మమ్మ నేతచీర మడతల్లో దాచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. పగల్లేదు. ఇప్పుడు మా వంటింటి కిటికీ పక్కన ఉంది. పొద్దున ఏడున్నరకి చిల్లులోంచి వెలుగు తీగ వచ్చి పప్పు డబ్బా మీద పడుతుంది.

అది మ్యూజియానికి ఇమ్మని అడక్కండి, ఇవ్వను. బోర్డుల ఖర్చు మాత్రం నా పెన్షన్లోంచి ఇస్తాను. పెయింటరు కూడా తెలిసినవాడే. చేతిరాత బాగుంటుంది, ఒత్తులు మింగడు. ఎప్పుడు పంపమంటారో చెప్పండి.

ఇట్లు,
ఏడో నంబరు కొక్కెం మనవరాలు,
బ్రాడీపేట, గుంటూరు.